ఇష్టపూర్వకంగా

జడ్జిగారు పదవీ విరమణ చేసి ఏడేళ్ళయింది. ఆమె కోర్టును వదిలింది గానీ తగవులు ఆమెను వదల్లేదు. రిటైరైన వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "మీరు కూర్చోబెట్టి మాట్లాడితే మావాడు వింటాడండీ" అని ఒకరు, "పైకోర్టుదాకా వెళ్ళే ఓపిక లేదమ్మా, మీరేం చెప్తే అదే" అని ఇంకొకరు. విడిపోతున్న ప్రెస్సు భాగస్వాములు, నడిమి గోడ ఎవరిదో తేల్చుకోలేని ఇరుగుపొరుగు వాళ్ళు, ఒకే పేరుతో రెండు దుకాణాలు తెరిచిన బావాబావమరుదులు, ఇలా ఎవరెవరో వచ్చేవారు. మధ్యవర్తిగా ఆమె కూర్చుంటే నూటికి ఎనభై తగవులు సంతకాల దాకా వచ్చేవి. ఆర్బిట్రేటరుగా తీర్పు ఇస్తే దాన్ని కోర్టుకు లాగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

కుట్టుమిషన్లు అమ్మే దుకాణం పైన రెండు గదులు ఆమె ఆఫీసు. పెద్ద గదిలో గుండ్రటి బల్ల, ఆరు కుర్చీలు. ఒక పక్షంతో విడిగా మాట్లాడాలంటే వెనక చిన్న గది. టైపు చేయడానికి, కాగితాలు చూడడానికి కోర్టులో ఆమె దగ్గర పాతికేళ్ళు పనిచేసిన స్టెనోగారే ఇక్కడికీ వచ్చారు. ఊపిరి పీల్చుకునే చోటల్లా కామా పెడతారని కోర్టులో ఎవరో ఆయనకు 'కామా' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు బదిలీ అయిపోయారు, పేరు మాత్రం ఆయనతో పాటే రిటైరైంది.

ఆ ఆరు కుర్చీల్లో కిటికీ పక్కనున్న దాంట్లో ఆమె ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. "అది కాస్త వదులుగా ఉందండీ, ఇటు రండి" అనేది. కామాగారు రెండుసార్లు వడ్రంగిని పిలిపించారు. రెండోసారి వడ్రంగి ఆ కుర్చీ మీద ఎక్కి నిలబడి, "నా బరువు మోసింది, ఇంకెవరిది మొయ్యాలి?" అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ కుర్చీ ఖాళీగా ఉండదని ఆమె ఎవరికీ చెప్పలేదు.

రెండు పక్షాలూ పెన్నులు తీసి ఒప్పంద పత్రం మీద సంతకాలు చేసే వేళకు ఆ కుర్చీలో తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చి కూర్చునేది. నీలం గౌను, ఒక మేజోడు మోకాలి కిందికి, ఇంకోటి చీలమండ దగ్గరకు జారి ఉండేది. కాళ్ళు నేలకు అందేవి కావు. ఏమీ అనేది కాదు, ఏడ్చేది కాదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేసి, ఇక వెళ్ళమంటారా అన్నట్టు జడ్జిగారి వైపు చూస్తూ ఉండేది. దయ్యమని ఆమె అనుకోలేదు. ఎక్కడో బతికున్న మనిషి దయ్యమెలా అవుతుంది? వయసు మీద పడుతోంది, కళ్ళు ఆడే ఆటలే ఇవన్నీ అని సరిపెట్టుకుంది. కళ్ళ డాక్టరు చూసి, మీ కళ్ళు పాతికేళ్ళ వాళ్ళవిలా ఉన్నాయన్నాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం కోర్టు పంపిన కేసు ఒకటి వచ్చింది. అక్కా తమ్ముళ్ళ మధ్య తగాదా. తమ్ముడు కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. సన్నగా, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. అక్క ఈత నేర్పే టీచరు. భుజాలు వెడల్పుగా, జుట్టు పొట్టిగా ఉన్నాయి. కొలను నీళ్ళ మందు వాసన ఆమెతో పాటే గదిలోకి వచ్చింది. ఇద్దరూ బల్లకు చెరో కొసనా కూర్చుని ఒకరినొకరు 'మీరు' అనుకుంటున్నారు. జడ్జిగారికి అదే ముందు వింతగా తోచింది. కొట్టుకునే తోబుట్టువులు 'నువ్వు' అనే కొట్టుకుంటారు.

వాళ్ళ తల్లికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. తమ్ముడి ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. తల్లిని మనుషులు చూసుకునే హోముకు పంపాలని అతని ఆలోచన. తన ఇంటికి తీసుకువెళ్తానని అక్క కోర్టుకెక్కింది.

"నాది కింద ఇల్లండీ. వెనక పెద్ద గది ఉంది. మనుషుల్ని ఎత్తడం, దింపడం నా రోజువారీ పనే" అంది అక్క.

"అమ్మకి మాట ఉన్నన్నాళ్ళూ ఈమెని గుమ్మం తొక్కనివ్వలేదండీ" అన్నాడు తమ్ముడు. "ఇరవై ఆరేళ్ళు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళలేదు, పిల్ల పుడితే చూడలేదు. ఇప్పుడు వద్దనడానికి నోరు లేదు కాబట్టి తీసుకుపోతానంటే ఎలా? ఆవిడ వద్దన్న మాట ఆవిడ తరఫున నేనే చెప్పాలి కదా."

"అంత కోపం ఎందుకో?" అని అడిగింది జడ్జిగారు. మామూలుగా ఎవరినైనా అడిగే ప్రశ్నే.

అతను సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మడతల దగ్గర చిరిగి, టేపు అంటించిన ఒకే ఒక్క పేజీ ఉంది. "మా అమ్మానాన్నలు విడిపోయినప్పుడు కోర్టు ఇచ్చిన తీర్పు ఇది. మిగతావన్నీ పోయాయి. ఈ పేజీ మాత్రం అమ్మ బీరువాలో పెట్టుకుంది. నేను ఎప్పుడు అక్క గురించి అడిగినా ఇదే తీసి నా చేతిలో పెట్టేది."

పేజీ మధ్యలో ఒక వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ఆ పేజీ మీద జడ్జి పేరు లేదు. ఆ వాక్యం గుర్తుపట్టడానికి జడ్జిగారికి పేరుతో పని లేదు. 'పెద్ద సంతానమైన బాలిక, న్యాయస్థానం స్వయంగా విచారించగా, తండ్రితో నివసించుటకు, ఇష్టపూర్వకంగా సమ్మతించినది.'

గదిలో ఇంకా ఎవరూ సంతకాలకు పెన్ను తీయలేదు. అయినా కిటికీ పక్క కుర్చీలో నీలం గౌను కనిపించింది. ఆ పిల్లకు రెండడుగుల దూరంలో, అదే ముఖం ముప్పై అయిదేళ్ళది, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. పెద్దది వచ్చింది కదా, చిన్నది పోతుందేమోనని జడ్జిగారు ఎదురుచూసింది. అది పోలేదు.

"అందులో అబద్ధమేమీ లేదండీ" అంది అక్క, తల దించుకుని. "నేనే వెళ్తానన్నాను. నాన్న సైకిలు కొనిస్తానన్నాడు. చిన్నదాన్ని, ఆశపడ్డాను. ఆ తప్పు నాదే. అందుకే ఇప్పుడైనా అమ్మని చూసుకోనివ్వమంటున్నాను."

నియమం ప్రకారం జడ్జిగారు అక్కడే ఆగి, ఆ తీర్పు రాసింది తనేనని, ఈ తగవులో కూర్చునే అర్హత తనకు లేదని చెప్పాలి. కొత్త మధ్యవర్తులకు శిక్షణ తరగతుల్లో మొదటి రోజు ఆమె చెప్పే పాఠమే అది. ఆమె నోరు తెరిచింది. "వచ్చే మంగళవారం కూర్చుందాం" అంది.

వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు ఆగింది. కామాగారు టైపు మిషను మీద గుడ్డ కప్పుతూ, "చెప్పాల్సింది కదా మేడం" అన్నారు.

"మీకూ గుర్తుందా?"

"కామాలు చూస్తే తెలియదా? నేను కొట్టిందే."

కింద దుకాణంలో ఎవరికో మిషను నడిపి చూపిస్తున్నారు. గుడ్డ లేకుండానే సూది టకటకమని ఆడుతోంది. "'ఇష్టపూర్వకంగా' అన్న ఆ మాట మీరు చెప్పినప్పుడు నేను ఆగాను" అన్నారాయన. "మీరు రెండోసారి చెప్పారు. కొట్టాను."

ఆయన ఆగడం ఆమెకు గుర్తుంది. ఆ రోజు జరిగిన వాటిలో ఆమెకు గుర్తులేనిది ఏదీ లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త ఆమె వాలకం చూసి, పేపరు పక్కన పెట్టాడు. ఆయన పళ్ళ డాక్టరు. నలభై ఏళ్ళుగా ఊరందరి నోళ్ళూ తెరిపించినవాడు ఇంట్లో మాత్రం నోరు మూసుకునే ఉంటాడని చుట్టాల్లో ఒక ఛలోక్తి.

"కేసు చెప్పకు, మీ రూళ్ళు ఒప్పుకోవు. నొప్పి ఎక్కడో చెప్పు" అన్నాడు.

"ఒకప్పుడు మంచి పన్ను పీకేశాననుకోండి. పుచ్చినది పక్కది. రోగికి తెలియదు. తన పన్నే పాడైందనుకుని ఇన్నేళ్ళూ తిరుగుతోంది."

"నాకలాంటివి రెండున్నాయి" అన్నాడాయన. "ఒకాయనకి చెప్పాను. కొట్టబోయాడు. రెండో ఆయన, నేను చెప్పేలోపే పోయాడు. కొట్టబోయిన ఆయన మొహం నాకు గుర్తులేదు."

రెండో ఆయన సంగతి ఆమె అడగలేదు.

మంగళవారం వచ్చింది. అక్కా తమ్ముళ్ళు మళ్ళీ అవే కొసల్లో కూర్చున్నారు. జడ్జిగారు ఫైలు తెరవలేదు.

"పోయిన వారమే చెప్పాల్సిన మాట ఒకటి దాచాను. అది నా తప్పు. మీ అమ్మగారు దాచుకున్న ఆ తీర్పు రాసింది నేనే. ఇప్పటినుంచి మీకు మధ్యవర్తిని నేను కాను, కోర్టు ఇంకొకర్ని పంపుతుంది. అలా అని ఇప్పుడే లేచి వెళ్ళిపోతే ఇంకో తప్పు చేసినదాన్నవుతాను." ఆమె అక్క వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వు నా ఛాంబరులోకి వచ్చావు. గుర్తుందా?"

"ఏదో పెద్ద బల్ల గుర్తుంది" అంది అక్క. "సైకిలు గురించి చెప్పాను మీకు."

"చెప్పలేదమ్మా."

"చెప్పే ఉంటాను. లేకపోతే మీరు అలా ఎందుకు రాస్తారు?"

తను ఒక్క తల్లి దగ్గరే ఆ పిల్లను లేకుండా చేశాననుకుంది జడ్జిగారు ఇన్నాళ్ళూ. ఆ పిల్ల జ్ఞాపకంలో కూడా ఆ పిల్లను లేకుండా చేశానని ఇప్పుడు తెలిసింది.

కామాగారు లేచి, చిన్న గదిలో పెట్టి ఉంచిన తన సంచిలోంచి ఒక పాత నోటు పుస్తకం తెచ్చారు. అట్ట మీద సంవత్సరం ఉంది. "ఛాంబరులో నేనూ ఉన్నానమ్మా, మూల కూర్చుని. ఎవరు ఏం మాట్లాడినా షార్ట్‌హ్యాండులో రాయడమే నా పని. తీర్పులోకి వెళ్ళేవి వెళ్తాయి, మిగతావి ఇక్కడే ఉండిపోతాయి. పారేయమని మా ఆవిడ పోరు. రాసింది చదవగలిగేవాడు ఉన్నంతకాలం పారేయకూడదని మా గురువుగారు చెప్పారు."

ఆ పుస్తకాలు ఉన్నాయని జడ్జిగారికే తెలియదు.

"చదవమంటారా?" అని ఆయన అడిగింది జడ్జిగారిని కాదు, అక్కను. ఆమె తల ఊపింది.

కామాగారు కళ్ళజోడు సర్దుకుని, కోర్టులో వాంగ్మూలాలు చదివే గొంతుతో, ఏ మాటకూ బరువు వేయకుండా చదివారు.

"ప్రశ్న, నువ్వు ఎవరి దగ్గర ఉంటావు. జవాబు, నేను నాన్న దగ్గరికి వెళ్తాను, తమ్ముణ్ణి అమ్మ దగ్గర ఉంచండి. ప్రశ్న, ఎందుకు. జవాబు, నాన్న అరిస్తే వాడు పక్క తడిపేస్తాడు, పొద్దున మళ్ళీ దానికి అరుస్తాడు, నాకు అలవాటే, నేను బాత్‌రూములో కూర్చుని వంద లెక్కపెడతాను, అప్పటికి అయిపోతుంది. ప్రశ్న, అయితే వెళ్ళడం నీకు ఇష్టమేనా. జవాబు, ఇష్టం లేదు, వెళ్తాను. ప్రశ్న, ఇంకేమైనా చెప్పాలా. జవాబు, ఎన్ని రోజులు. దానికి న్యాయమూర్తి, కొన్నాళ్ళే, అన్నారు. జవాబు, వాడికి చెప్పకండి, ఏడుస్తాడు."

ఆయన చదవడం ఆపారు. కింద మిషను కూడా ఆగింది.

"సైకిలు గురించి ఏమైనా ఉందా?" అని అడిగింది అక్క. గొంతు మామూలుగానే ఉంది.

కామాగారు ఆ పేజీ, ముందు పేజీ, వెనక పేజీ వేలితో వెతికారు. "లేదమ్మా. సైకిలు మాట ఎక్కడా లేదు."

"మరి సైకిలు ఉండేది కదా. ఎర్రది." ఆమె ఆలోచించింది. "నేను వెళ్ళాక కొన్నాడు. పరీక్షలయ్యాక. అవును, తర్వాతే."

తమ్ముడు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవబోయి ఊరుకున్నాడు. అక్క వైపు చూడకుండానే అడిగాడు. "వంద లెక్కపెడితే సరిపోయేదా?"

"ఒక్కోసారి మూడొందలు" అంది అక్క. ఆ తర్వాత, "నువ్వు ఇంకా గుండీలన్నీ పెట్టుకుంటావేంట్రా, ఊపిరాడదూ?" అంది.

అతను మెడ దగ్గర గుండీ తీయబోయాడు. అది కాజాలో ఇరుక్కుంది. ఆమె లేచి బల్ల చుట్టూ వెళ్ళి తీసింది. అప్పుడు అతను ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. తమ్ముడి తల మీద చెయ్యి ఉంచి, జడ్జిగారి వైపు తిరిగింది.

"ఇది తెలిసి కూడా ఆ మాట ఎలా రాశారు?"

జడ్జిగారు ఈ ప్రశ్నకు ఇరవై ఆరేళ్ళుగా జవాబులు తయారుచేసుకుంటూ వచ్చింది. ఆ రోజు ముప్పై ఎనిమిది కేసులున్నాయి. ఇద్దరు లాయర్లూ చెరొక బిడ్డ అన్న ఒప్పందానికి వచ్చేశారు. తండ్రి మీద ఫిర్యాదు ఏదీ లేదు. అవన్నీ పక్కన పెట్టింది.

"నువ్వన్నది రాస్తే కేసు ఆ రోజు ముగిసేది కాదు. ఆ మాట రాస్తే ముగిసేది. ముగించాను. ఆ తీర్పుకు నాకు పేరొచ్చింది. రెండు పక్షాలకూ సమానంగా న్యాయం చేస్తుందని అన్నారు. ఇప్పుడు ఈ బల్ల దగ్గరికి నలుగురూ వస్తున్నారంటే ఆ పేరు మీదే."

"క్షమించమని అడగరేం?"

"అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది. నీ చేత ఇంకో మాట చెప్పించే హక్కు నాకు లేదు."

అక్క ఆమెను పరీక్షగా చూసింది. "సరే" అంది.

పోబోతూ తమ్ముడు గుమ్మంలో ఆగాడు. "మా మాట అమ్మ నమ్మదండీ. ఇన్నేళ్ళూ మీ మాటే నమ్మింది. మీరే వచ్చి చెప్పాలి."

శుక్రవారం పొద్దున ఆమె మూడంతస్తులూ ఎక్కింది. రెండుచోట్ల ఆగాల్సొచ్చింది. తల్లి మంచం కిటికీ దగ్గర వేసి ఉంది. ముఖంలో సగం నిద్రపోతున్నట్టు, సగం మేలుకుని కాపలా కాస్తున్నట్టు ఉంది. తమ్ముడు తలాపున నిలబడ్డాడు. అక్క గుమ్మం బయటే ఉండిపోయింది. చెప్పులు విడిచి కూడా లోపలికి రాలేదు.

జడ్జిగారు స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుని, తానెవరో చెప్పింది. కామాగారు టైపు చేసిచ్చిన కాగితంలోని ప్రశ్నలూ జవాబులూ చదివింది. తర్వాత కాగితం దించి, "మీ అమ్మాయి ఇష్టపడి వెళ్ళలేదు. ఇష్టపడిందని రాసింది నేను. అది అబద్ధం" అంది.

తల్లి ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలింది. మెల్లగా వచ్చి జడ్జిగారి మణికట్టు పట్టుకుంది. ముందు అది ఓదార్పేమో అనిపించింది. పట్టు బిగిసింది. గోళ్ళు దిగాయి. మేలుకున్న ఆ ఒక్క కన్ను జడ్జిగారి ముఖం మీదే ఉంది, రెప్ప వేయడం లేదు. ఇరవై ఆరేళ్ళుగా దాచుకున్న బలమంతా ఆ చేతిలోకి వచ్చినట్టుంది. జడ్జిగారు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఎంతసేపో తెలియదు. తమ్ముడు "అమ్మా, అమ్మా" అంటున్నాడు. చివరికి అక్క చెప్పులతోనే లోపలికి వచ్చి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. విడదీసిన చెయ్యిని తన చేతిలోనే ఉంచుకుంది. తల్లి దాన్ని లాక్కోవాలని చూసింది. తర్వాత ఊరుకుంది.

కొత్త మధ్యవర్తి దగ్గర వాళ్ళు ఒక్కసారే కూర్చున్నారట. తల్లి అక్క ఇంటికి చేరింది. అక్కడ మొదటి రెండు వారాలు కూతురి చేత్తో పెడితే నోరు తెరవలేదనీ, కోడలు వచ్చి తినిపించేదనీ, మూడో వారం ఒక పూట తెరిచిందనీ తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు. అక్క ఒక్కసారీ ఫోను చేయలేదు.

మణికట్టు మీద గోళ్ళ గుర్తులు పదిరోజుల్లో మాసిపోయాయి. ఆ పట్టులో ఉన్నది కోపమో, ఇంకేదైనా చెప్పాలన్న ఆత్రమో జడ్జిగారికి తెలియలేదు. నీలం గౌను పిల్ల పోలేదు. ప్రెస్సు వాళ్ళ సంతకాల వేళ వచ్చింది, గోడ తగవు వాళ్ళ సంతకాల వేళా వచ్చింది. ఇక మీదట పోతుందని కూడా ఆమె ఆశపెట్టుకోలేదు.

ఒక నెల గడిచాక ఆమె కామాగారిని అడిగింది. "అలాంటి పుస్తకాలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?"

"నూట పన్నెండు. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నాయి."

"వాటిలో మీరు ఆగినవి ఎన్ని ఉంటాయి?"

ఆయన టేబులు మీది పెన్సిళ్ళు వరసగా పేర్చారు. "లెక్కపెట్టలేదు మేడం. ఆగినప్పుడల్లా అందులో ఆ మాట పక్కన చిన్న చుక్క పెట్టుకునేవాణ్ణి."

ఆ వారం నుంచి ఇద్దరూ మంగళవారం మధ్యాహ్నాలు వేరే పని పెట్టుకోవడం మానేశారు. ఆయన పుస్తకాలు నాలుగేసి చొప్పున గుడ్డ సంచిలో తెచ్చేవారు. ఆయన చదువుతుంటే ఆమె తాను రాసిన తీర్పులు పక్కన పెట్టుకుని వినేది. కొన్ని చుక్కలు ఏమీ లేనివే, ఆ రోజు ఆయనకు నిద్ర వచ్చి పెట్టినవి. మూడో పుస్తకంలో ఒక కాపలాదారు వాంగ్మూలం దగ్గర చుక్క ఉంది. చదివి ఆయన తల ఎత్తారు. ఆమె తన తీర్పులో ఆ పేజీ తీసి, ఆ మనిషి అన్నది, తను రాసింది పక్కపక్కన పెట్టి చూసుకుంది. రెండుసార్లు చూసుకుంది.

"ఈయన ఉన్నాడో లేడో కనుక్కోండి" అంది.

కామాగారు వాంగ్మూలం పైనున్న చిరునామా రాసుకున్నారు.